దీవుల అరుదైన మొక్కల విత్తనాలను మొలకెత్తించడం ఎలా

ఓ కాగితం కవరులో ముప్పై విత్తనాలు మీ చేతికొచ్చాయనుకుందాం. ఆ మొక్క ప్రపంచం మొత్తంలో ఒక్క దీవిలోనే పెరుగుతుంది. అక్కడి అడవిలో మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. కూరగాయల విత్తనాలయితే తడిపి చల్లుతాం, మొలవకపోతే ఇంకో ప్యాకెట్ తెచ్చుకుంటాం. ఇక్కడ ఇంకో ప్యాకెట్ లేదు. అందుకే ఈ పనిలో తొందరపాటుకు మించిన ప్రమాదం లేదు. ఎక్కడో చదివిన చిట్కా పట్టుకుని ముప్పై విత్తనాలనూ వేడినీళ్ళలో వేసేవాళ్ళు, అన్నిటినీ గరుకు కాగితంతో రుద్దేసేవాళ్ళు చాలామంది ఉంటారు. విత్తనం ఎందుకు ఆగి ఉందో తెలియకుండా చేసే చికిత్స దాన్ని లేపకపోగా చంపేయవచ్చు.

నేను చెప్పే క్రమం ఇది. ముందు కారణం కనుక్కోండి. కొద్ది విత్తనాల మీద, అన్నిటికన్నా సున్నితమైన పద్ధతితో మొదలుపెట్టండి. మిగతావి ముట్టుకోకుండా పక్కన ఉంచండి. బొటానికల్ గార్డెన్లలో వాలంటీర్లకూ, అనుమతి ఉన్న నర్సరీలకూ, సీడ్ బ్యాంకుల్లో (విత్తనాలను భద్రంగా దాచే సంస్థల్లో) కొత్తగా చేరినవాళ్ళకూ పనికొచ్చేలా రాస్తున్నాను.

మొలవని ప్రతి విత్తనమూ నిద్రలో ఉన్నట్టు కాదు

లోపల ప్రాణం ఉండి కూడా విత్తనం మొలవకుండా ఆగి ఉండటాన్నే నిద్ర, సుప్తావస్థ అంటారు. దీవి మొక్కల విషయంలో పై మాట మరీ ముఖ్యం. దీవుల్లో మొక్కల సంఖ్య మొదటి నుంచీ తక్కువ. పరాగసంపర్కం చేసే పక్షో, పురుగో అంతరిస్తే కాయే కట్టదు. హవాయిలోని కవాయి దీవి కొండచరియల మీద పెరిగిన ఆలులా (బ్రిగేమియా ఇన్సిగ్నిస్) సంగతి చూడండి. నేషనల్ ట్రాపికల్ బొటానికల్ గార్డెన్ శాస్త్రవేత్తలు తాళ్ళు కట్టుకుని చరియల మీదుగా దిగి, చేత్తో పుప్పొడి అద్దితే గానీ కాయలు కట్టలేదు. హిందూ మహాసముద్రంలోని రాడ్రిగ్స్ దీవి మొక్క కాఫే మరాన్ అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1980లో ఒక స్కూలు పిల్లవాడి కంటపడింది. దాని కొమ్మలు లండన్‌లోని క్యూ గార్డెన్స్‌కు వెళ్ళాయి, బతికాయి, పూశాయి. కానీ ఏళ్ళ తరబడి ఒక్క కాయా కట్టలేదు. చివరికి అక్కడి ఉద్యాన నిపుణుడు కార్లోస్ మాగ్దలేనా కీలాగ్రాన్ని కోసి పుప్పొడి పెట్టే ప్రయత్నాలు చేసి విత్తనాలు సాధించారు. సెయింట్ హెలీనా ఆలివ్‌కు ఆ అదృష్టం కూడా దక్కలేదు. తన పుప్పొడితో తాను విత్తనం కట్టడం దానికి చాలా అరుదు. అడవిలోని చివరి చెట్టు 1994లో, పెంపకంలో ఉన్న చివరిది 2003లో చనిపోయాయి.

ఇలాంటి మొక్కల కాయల్లో తాలు ఎక్కువ. కాయ బాగానే కనిపిస్తుంది, విత్తనం ఆకారమూ బాగానే ఉంటుంది, లోపల పిండమే ఉండదు. హవాయిలోని హాలెయకాలా, మౌన కేయా పర్వతాల మీది సిల్వర్‌స్వోర్డ్ మొక్క దశాబ్దాల పాటు పెరిగి, జీవితంలో ఒక్కసారే పూసి చనిపోతుంది. అదీ సొంత పుప్పొడిని ఒప్పుకోని మొక్కే. చుట్టుపక్కల అదే ఏడాది ఇంకొన్ని పూయకపోతే వందల పూలు పూసినా గట్టి విత్తనాలు కొద్దిగానే వస్తాయి. వాటిలోనూ కొన్నిటిని పురుగులు తింటాయి. తాలు విత్తనానికి ఎన్ని చికిత్సలు చేసినా ఫలితం ఉండదు కదా.

మొదటి అడుగు: అనుమతి, సేకరణ

దీన్ని క్లుప్తంగానే చెబుతాను, తేలిగ్గా తీసుకోవద్దు. అంతరించిపోతున్న మొక్క విత్తనం కోయడానికి ఆ దేశపు చట్టప్రకారం అనుమతి కావాలి. సరిహద్దు దాటించాలంటే క్వారంటైన్ పత్రాలు, కొన్ని జాతులకు సైటీస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) పత్రాలు కూడా కావాలి. ఆన్‌లైన్‌లో అమ్మేవాడి దగ్గర ఆ కాగితాలు లేకపోతే కొనకండి. మీరిచ్చే డబ్బే తర్వాతి దొంగతనానికి కారణమవుతుంది.

కోసేటప్పుడు ఆ రోజు పండి సిద్ధంగా ఉన్న విత్తనాల్లో 20 శాతానికి మించి తీసుకోకూడదన్నది సీడ్ బ్యాంకులు పాటించే నియమం. మరీ అరుదైనవాటికి ఇంకా తక్కువ. ఒక్కో తల్లి మొక్క విత్తనాలను వేరు వేరు కాగితం కవర్లలో వేసి, కవరు మీద తల్లి నంబరు, తేదీ, చోటు, అది సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో రాయండి. అన్నీ కలిపేస్తే పదేళ్ళ తర్వాత ఏ మొక్క ఏ తల్లి బిడ్డో ఎవరూ చెప్పలేరు. తిరిగి అడవిలో నాటేవాళ్ళకు ఆ సమాచారం చాలా అవసరం. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది.

తోటలో పెరిగిన మొక్క నుంచి విత్తనం తీస్తుంటే పక్కన దాని దగ్గరి బంధువులు ఏమైనా ఉన్నాయా అని చూడండి. కానరీ దీవుల లోటస్ బెర్తెలోటి, లోటస్ మాక్యులేటస్ పక్కపక్కన పెరిగితే సులభంగా సంకరమైపోతాయి. అలాంటి విత్తనంతో వచ్చేది అందమైన మొక్కే, కానీ మీరు కాపాడాలనుకున్న జాతి మాత్రం కాదు.

రెండో అడుగు: గుజ్జు పూర్తిగా తీయండి

దీవుల మొక్కల్లో చాలావాటి పళ్ళు పక్షుల కోసం, తాబేళ్ళ కోసం తయారైనవి. గుజ్జులో మొలకను ఆపే రసాయనాలు ఉండవచ్చు. లేకపోయినా తడి గుజ్జు మీద బూజు రెండు రోజుల్లో పట్టేస్తుంది. పండును నలిపి ఒకటి రెండు రోజులు నీళ్ళలో నానబెట్టండి, నీళ్ళు మారుస్తూ ఉండండి. తర్వాత జల్లెడలో వేసి, వేళ్ళతో రుద్దుతూ ధారగా నీళ్ళు పోయండి. లొబీలియా కుటుంబపు పళ్ళలో విత్తనాలు ఇసుక రేణువుల్లా ఉంటాయి. వాటికి సన్నటి గుడ్డ వాడాలి, లేకపోతే సగం కాలువలో పోతాయి. కడిగాక కాగితం మీద నీడన ఆరబెట్టండి. ఎండలో పెట్టొద్దు.

మూడో అడుగు: లోపల ఏముందో చూడండి

కొన్ని విత్తనాలను కోసి చూడాలంటే మనసు ఒప్పదు. ఉన్నవే తక్కువైనప్పుడు అది సహజం. అయినా వంద ఉంటే ఐదారు, ముప్పై ఉంటే రెండు మూడు కోయమనే చెబుతాను. కొత్త బ్లేడుతో నిలువునా కోసి భూతద్దం కింద చూడండి. తెల్లగా, గట్టిగా, నిండుగా ఉంటే మంచిది. ముడుచుకుపోయినా, గోధుమరంగులోకి మారినా, బోలుగా ఉన్నా లెక్కలోంచి తీసేయండి. హవాయి అడవులకు ఆధారమైన ఓహియా చెట్టు విత్తనాల్లో చాలావాటికి అసలు పిండమే ఉండదు. ఆ విషయం తెలియనివాళ్ళు కొద్దిపాటి మొలక శాతం చూసి, తమ పద్ధతిలోనే లోపముందని టెన్షన్ పడుతుంటారు.

నీళ్ళలో వేసి తేలినవన్నీ తాలు అనుకునే పద్ధతిని ఈ మొక్కల దగ్గర నమ్మొద్దు. సముద్రం మీద తేలుతూ దీవులకు చేరిన జాతుల మంచి విత్తనాలు కూడా తేలతాయి. ఎక్స్‌రే సౌకర్యం ఉన్న సీడ్ బ్యాంకు దగ్గరలో ఉంటే అదే ఉత్తమం, ఒక్క విత్తనమూ పోదు. టెట్రజోలియం అనే రసాయనంతో చేసే పరీక్ష కూడా ఉంది. నానిన విత్తనాన్ని కోసి 1 శాతం ద్రావణంలో చీకట్లో ఉంచితే బతికున్న కణజాలం ఎర్రబడుతుంది. కానీ ఆ విత్తనం మళ్ళీ మొలవదు కాబట్టి మరీ తక్కువ ఉన్నప్పుడు దీని జోలికి పోకండి.

కోసినప్పుడు ఇంకో విషయం గమనించండి: పిండం ఎంత ఉంది? విత్తనమంతా నిండి ఉందా, లేక తెల్లటి ఆహార పదార్థం మధ్యలో ఓ చిన్న చుక్కలా ఉందా? ఈ జవాబు ‘నీళ్ళు తాగినా మొలవని విత్తనం’ అనే భాగంలో కావాలి, కాబట్టి రాసి పెట్టుకోండి.

నాలుగో అడుగు: నీళ్ళు తాగుతోందా?

మొత్తం పనిలో ఇంత తేలికైన పరీక్ష, ఇంత విలువైన పరీక్ష ఇంకోటి లేదు. పది విత్తనాలు తీసుకోండి. ఐదింటికి పైపొర మీద చిన్న గాటు పెట్టండి, ఐదింటిని అలాగే ఉంచండి. రెండు గుంపులనూ విడివిడిగా తూచి, తడి కాగితం మీద పెట్టి, 24 గంటల తర్వాత పైతడి అద్ది మళ్ళీ తూచండి. చిన్న నగల త్రాసు చాలు. విత్తనాలు పెద్దవయితే కంటితోనే తేడా తెలుస్తుంది.

గాటు పెట్టినవి ఉబ్బి, పెట్టనివి రాయిలా అలాగే ఉంటే పైపొర నీళ్ళను లోపలికి పోనివ్వడం లేదని అర్థం. దీన్ని భౌతిక సుప్తావస్థ అంటారు. రెండూ ఒకేలా ఉబ్బితే పైపొరలో సమస్య లేదు, దాన్ని రుద్దడం వల్ల లాభమూ లేదు. అప్పుడు కారణం పిండంలో వెతకాలి.

కుటుంబం పేరు తెలిస్తే ముందే ఊహించవచ్చు. చిక్కుడు కుటుంబం, మందార కుటుంబం, రేగు కుటుంబం, కుంకుడు కుటుంబం, తూటి తీగల కుటుంబం: నీళ్ళు పట్టనివ్వని విత్తనాలు ఎక్కువగా వీటిలో ఉంటాయి. మిగతా చాలా కుటుంబాల్లో ఈ రకం కనిపించదు. విత్తనాల నిద్రను ఇలా తరగతులుగా విడదీసే పద్ధతికి రష్యా శాస్త్రవేత్త మరియానా నికొలాయెవా పునాది వేశారు. దాన్ని 2004లో కరోల్ బాస్కిన్, జెర్రీ బాస్కిన్ దంపతులు సవరించి స్థిరపరిచారు. తాజా విత్తనం, లోపల ప్రాణం ఉన్నది, తగిన తేమ, వేడి, వెలుతురు ఇచ్చినా సుమారు నాలుగు వారాల్లో మొలవకపోతే దాన్ని సుప్తావస్థలో ఉన్నట్టు లెక్కించవచ్చు. అంతకన్నా ముందే కంగారు పడొద్దు.

నీళ్ళు పోని విత్తనానికి ఏం చేయాలి

ఈస్టర్ దీవి టొరొమీరో చెట్టు (సొఫోరా టొరొమీరో) ఈ రకానికే చెందింది. 1955–56లో నార్వే అన్వేషకుడు థోర్ హెయెర్డాల్ బృందం రానో కావు అగ్నిపర్వత బిలంలో మిగిలిన చివరి చెట్టు నుంచి విత్తనాలు తెచ్చింది. అవి స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ బొటానికల్ గార్డెన్‌లో మొలిచాయి. ఆ తర్వాత కొన్నేళ్ళకే చెట్టు అడవిలో కనుమరుగైంది. హవాయి రాష్ట్ర పుష్పమైన పసుపు మందారం (హైబిస్కస్ బ్రాకెన్‌రిడ్జియై), గ్వామ్, రోటా దీవుల సెరియాంథెస్ నెల్సనై, న్యూజిలాండ్ కాకాబీక్... వీటన్నిటికీ గట్టి పైపొరే అడ్డం.

నేనయితే అరుదైన విత్తనానికి గాటు పద్ధతి తప్ప ఇంకోటి వాడను. కాయకు అతుక్కుని ఉన్న మచ్చ ఎక్కడుందో ముందు చూడండి. చాలా విత్తనాల్లో వేరు మొన ఆ మచ్చకు దగ్గరలోనే ఉంటుంది. దానికి ఎదురు వైపున గోళ్ళు కత్తిరించే కట్టర్‌తోనో, సన్నటి ఆకురాయితోనో పైపొరను కొద్దిగా తీయండి. లోపలి తెల్లటి భాగం చుక్కంత కనిపించగానే ఆపేయండి. తర్వాత గోరువెచ్చటి నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టండి. ఉబ్బినవాటిని వెంటనే తీసి నాటండి. ఉబ్బని వాటికి ఇంకో చోట గాటు పెట్టి మళ్ళీ నానబెట్టండి. ఉబ్బినదాన్ని రోజుల తరబడి నీళ్ళలో వదిలేస్తే ఊపిరాడక చస్తుంది.

వేడినీళ్ళ పద్ధతి హవాయి కోవా చెట్టు లాంటి, విత్తనం దండిగా దొరికేవాటికి సరిపోతుంది. నీళ్ళు మరిగించి, మంట ఆపి, కాసేపు ఆగి, 80 డిగ్రీల దగ్గరికి వచ్చాక విత్తనాల మీద పోసి చల్లారేదాకా వదిలేస్తారు. అన్నిటికీ ఒకేసారి చేయవచ్చన్నది దీని సౌకర్యం. పైపొర పలుచగా ఉన్న విత్తనం లోపలే ఉడికిపోవడం దీని ప్రమాదం. అరుదైనవాటి మీద చేయాల్సివస్తే ముందు రెండింటితో చూడండి. గంధకామ్లంతో పొర కరిగించే పద్ధతి గురించి కూడా చదివి ఉంటారు. అది తగిన ఏర్పాట్లు ఉన్న ల్యాబ్‌ల పని. మీ చేతులకూ విత్తనానికీ రెండింటికీ ముప్పే, ఇంట్లో వద్దు.

నీళ్ళు తాగినా మొలవని విత్తనం

కష్టమైన భాగం ఇదే. ఇక్కడే ఓపిక కావాలి, ఇక్కడే ఎక్కువమంది వదిలేస్తారు.

మూడో అడుగులో పిండం చిన్న చుక్కలా కనిపించిందా? అయితే అది విత్తనం లోపల ఇంకా పెరగాలి. పెరిగాకే వేరు బయటికొస్తుంది. హవాయిలో చెట్ల మధ్య పొదల్లా పెరిగే లొబీలియా కుటుంబం మొక్కల్లో చాలావరకు అంతరించే దశలో ఉన్నాయి. బాస్కిన్ దంపతులు అక్కడి పర్వత ప్రాంతపు ఆరు జాతులను పరిశీలించినప్పుడు పిండం పెరగవలసి ఉండటం, దానికి తోడు శారీరక నిద్ర (పిండం లోపలి స్థితే మొలకను ఆపడం), రెండూ కలిసి ఉన్నట్టు తేలింది. ఇలాంటి విత్తనానికి కత్తెర, గరుకు కాగితం అక్కరలేదు. తేమ, తగిన వేడి, కాలం కావాలి.

వెలుతురు సంగతి మరిచిపోవద్దు. సన్నటి విత్తనాల్లో చాలావాటికి వెలుతురు తగలకపోతే మొలక రాదు. వాటిని మట్టితో కప్పొద్దు. తడి మిశ్రమం పైన చల్లి, మెల్లగా అదిమి, మూత ఉన్న పారదర్శకమైన డబ్బాలో పెట్టండి. పై నుంచి నీళ్ళు పోస్తే కొట్టుకుపోతాయి కాబట్టి ట్రే కిందనుంచి తడి పీల్చనివ్వండి. ల్యాబ్ ఉంటే 1 శాతం అగార్ (నాచు నుంచి తీసే జెల్లీ) పోసిన పెట్రి డిష్ (మూత ఉన్న చిన్న గాజు పళ్ళెం) మంచిది. ఒక్కో విత్తనం విడిగా కనబడుతుంది, తేమ సమానంగా ఉంటుంది.

వేడి ఎంత ఉండాలి? మొక్క సముద్రమట్టానికి ఎంత ఎత్తులో పుట్టిందో చూడండి. సముద్రపు ఒడ్డు మొక్కకు పగలు 25–30 డిగ్రీలు సరే. మేఘాల్లో తడిసే కొండల మొక్కకు పగలు 20, రాత్రి 10 లాంటి చల్లదనం నప్పుతుంది. ఒకే వేడిలో ఉంచడం కంటే పగటికీ రాత్రికీ తేడా ఉండటం చాలా జాతులకు మేలు చేస్తుంది. ఏది సరిపోతుందో తెలియకపోతే విత్తనాలను రెండు గుంపులు చేసి, ఒకటి వెచ్చగా, ఒకటి చల్లగా మొదలుపెట్టండి. ఎనిమిది, పది వారాల్లో ఏమీ రాకపోతే చోట్లు మార్చండి. మారిన వెంటనే మొలకలు వస్తే ఆ విత్తనానికి ఋతువు మారడం కావాలన్నమాట. పొడి తీరాల్లో పెరిగే కొన్ని చిన్న మొక్కలు ఇందుకు భిన్నం. తాజాగా విత్తితే కదలవు, కొన్ని నెలలు పొడిగా ఉంచి విత్తితే హాయిగా మొలుస్తాయి.

ఉష్ణమండల దీవి మొక్కను ఫ్రిజ్‌లో పెట్టి లేపాలనుకోవడం అర్థం లేని పని. తడి చలి అవసరమయ్యేది చలికాలం ఉన్నచోట పుట్టిన విత్తనానికి. న్యూజిలాండ్ కొండల మొక్కకు అది పనిచేయవచ్చు, సీషెల్స్ మొక్కకు చేయదు.

ఇవన్నీ అయ్యాకే జిబ్బరెల్లిక్ ఆసిడ్ (మొలకను పురిగొల్పే మొక్కల హార్మోన్). 100 మిల్లీలీటర్ల నీళ్ళలో 50 మిల్లీగ్రాములు కలిపితే 500 పీపీఎమ్ (పది లక్షల పాళ్ళలో 500 పాళ్ళు) ద్రావణం వస్తుంది. పొడిని ముందు కొద్ది చుక్కల ఆల్కహాల్‌లో కరిగించి తర్వాత నీళ్ళు పోయండి, నేరుగా నీళ్ళలో సరిగా కరగదు. 24 గంటలు నానబెట్టి, కడిగి, విత్తండి. మోతాదు ఎక్కువైతే మొలక సాగిపోయి, పాలిపోయి, నిలబడలేక వాలిపోతుంది. అందుకే మొదట 250 పీపీఎమ్‌తో చూడమంటాను. మందు లేకుండా పదింటికి రెండు మొలిచినా, మందుతో ఆరు మొలిచి నాలుగు వాలిపోయినా మీకు చివరికి దక్కేది రెండే.

తాబేలు, టర్కీ కోడి: పోలిక గుంపు ఎందుకు కావాలి

దీవుల విత్తనాల గురించి మాట్లాడితే డోడో పక్షి కథ రాకుండా ఉండదు. మారిషస్‌లో టాంబలకోక్ అనే చెట్టుంది. దాని టెంక చాలా గట్టిది. 1977లో స్టాన్లీ టెంపుల్ అనే శాస్త్రవేత్త, డోడో కడుపులో నలిగితే తప్ప ఈ టెంక మొలవదని, డోడో పోయింది కాబట్టి చెట్టూ పోతోందని ప్రతిపాదించారు. డోడోకు బదులు టర్కీ కోళ్ళకు 17 టెంకలు మింగించారు. ఏడు పగిలిపోయాయి. బయటికి వచ్చిన పదింటిలో మూడు మొలిచాయి. కథ ప్రపంచమంతా పాకింది.

ఏ చికిత్సా చేయని టెంకలను (పోలిక గుంపు అంటే ఇదే) పక్కన నాటి చూడకపోవడమే ఆ ప్రయోగంలో లోటు. కోడి కడుపులోకి వెళ్ళని టెంకలూ మొలుస్తాయని అంతకుముందే తెలుసు. ఆ టెంకకు ఒక బలహీనమైన అతుకు ఉంటుంది, లోపలి పిండం ఉబ్బినప్పుడు అక్కడే విచ్చుకుంటుంది. డోడో పోయిన తర్వాత పుట్టిన చెట్లూ అడవిలో ఉన్నాయని తర్వాతివాళ్ళు చూపించారు. అంటే టెంక గట్టిగా ఉన్నంత మాత్రాన నీళ్ళు పోవని కాదు. ఈ చెట్టు గింజను రాపిడి పెడితే మీరు అతుకు బదులు పిండాన్నే గీసే అవకాశం ఉంది.

దీనికి పక్కనే గాలపాగస్ టమాటాను పెట్టి చూడండి. 1961లో శాస్త్రవేత్తలు చార్లెస్ రిక్, రాబర్ట్ బౌమన్ ఆ దీవుల టమాటా విత్తనాలు మామూలుగా విత్తితే దాదాపు మొలవవని, పెద్ద తాబేలు కడుపులోంచి వచ్చాక బాగా మొలుస్తాయని చూపించారు. ఇక్కడ పోలిక గుంపు ఉంది, తేడా స్పష్టంగా కనిపించింది. తాబేలు లేనివాళ్ళకు దారి కూడా దొరికింది: ఇంట్లో వాడే బ్లీచ్ ద్రవాన్ని సమానంగా నీళ్ళు కలిపి పలుచన చేసి, అరగంట నానబెట్టి, పారే నీళ్ళ కింద బాగా కడగడం. పైపొర పలుచబడి విత్తనం మొలుస్తుంది. మారిషస్ దగ్గరి ఇల్ ఓ జెగ్రెట్ అనే చిన్న దీవిలో 2000 సంవత్సరంలో అల్డాబ్రా దీవి జాతి పెద్ద తాబేళ్ళను వదిలారు. అవి అక్కడి అరుదైన ఎబొనీ చెట్ల పళ్ళు తిని, తల్లి చెట్టుకు దూరంగా విత్తనాలు వేశాయి. తాబేలు పొట్టలోంచి వచ్చిన విత్తనాలు మెరుగ్గా మొలిచాయి కూడా. మనిషి చేతి చికిత్స కన్నా పోయిన జంతువు స్థానంలో ఇంకో జంతువును తేవడమే మంచి మందు కావచ్చని ఆ దీవి చూపించింది.

మీ పనికి ఇందులో ఉన్న సూచన ఒకటే. ఎంత తక్కువ విత్తనాలున్నా కొన్నిటిని కడిగి విత్తడం తప్ప ఏమీ చేయకుండా ఉంచండి. కోసి చూసినవి పోను మిగిలినవాటిలో మూడో వంతు అలా, మూడో వంతుకు చికిత్స, మూడో వంతు కవర్లోనే. ఏమీ చేయనివే ముందు మొలిస్తే సంతోషించండి, మిగతావాటికి చికిత్స అక్కర్లేదు.

కవర్లో మిగిల్చినవాటిని దాచడం

సీడ్ బ్యాంకుల మామూలు పద్ధతి: విత్తనాన్ని 15 శాతం గాలి తేమలో, 15 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో మైనస్ 20 దగ్గర దాచడం. చాలా జాతులకు ఇది చక్కగా సరిపోతుంది. కానీ దీవి మొక్కలకు కళ్ళు మూసుకుని వర్తింపజేయకండి. హవాయి మొక్కల్లో 295 జాతుల విత్తనాల నిల్వ మీద 2019లో వచ్చిన పరిశోధన ఒక హెచ్చరిక ఇచ్చింది. లొబీలియా కుటుంబం, కాఫీ కుటుంబం, తుంగ కుటుంబం లాంటి కొన్నిటి విత్తనాలు ఆరడాన్ని తట్టుకుంటాయి గానీ, డీప్ ఫ్రీజర్ చలిలో త్వరగా ప్రాణం కోల్పోతాయి. వాటికి 5 డిగ్రీల దగ్గర, అంటే మామూలు ఫ్రిజ్ చల్లదనంలో నిల్వే మేలు.

పెద్ద, కండగల, తడి విత్తనాలు ఎక్కువ భాగం ఆరబెడితేనే చస్తాయి. వాటిని దాచాలని చూడకుండా వచ్చిన వారంలోనే విత్తండి. సందేహముంటే రెండింటిని సిలికా జెల్‌తో (తేమ పీల్చే గుళికలతో) వారం రోజులు ఆరబెట్టి విత్తి చూడండి. అవి చస్తే మిగతావాటిని ఎలా చూసుకోవాలో తెలిసినట్టే.

మొలక వచ్చాక

వేరు మొన బయటికి రాగానే సంబరపడి ఎక్కువ నీళ్ళు పోసేవాళ్ళున్నారు. ఈ దశలో అన్నిటికన్నా ఎక్కువ మొక్కలు నారుకుళ్ళుతోనే పోతాయి. శుభ్రమైన పెర్లైట్, కోకోపీట్ కలిపిన, నీళ్ళు నిలవని మిశ్రమం వాడండి. మొలకను వేరు పట్టుకుని కాక బీజదళం పట్టుకుని ఎత్తండి. చిక్కుడు కుటుంబం మొక్కలకు వేరు ముందు లోతుకు పోతుంది కాబట్టి వెడల్పు కుండీ కన్నా లోతైన గొట్టం లాంటి కుండీ మంచిది. మూత ఒక్కసారిగా తీయకుండా రోజుకు కాస్త కాస్త తెరుస్తూ బయటి గాలికి అలవాటు చేయండి. ఎలుకలు, నత్తలు రాకుండా సన్నటి వల కప్పండి. దీవుల మీద ఎన్నో మొక్కలు అంతరించడానికి ఎలుకలు ఒక పెద్ద కారణం, మీ షేడ్‌నెట్ కిందికి కూడా అవే వస్తాయి.

మొక్కలు పెరిగాయని సొంతంగా తీసుకెళ్ళి అడవిలో నాటకండి. కుండీ మట్టితో పాటు ఫైటాఫ్తరా లాంటి వేరుకుళ్ళు తెచ్చే సూక్ష్మజీవులు, చీమలు, కలుపు విత్తనాలు వెళ్తాయి. హవాయిలో ఓహియా చెట్లను ఒక శిలీంధ్ర తెగులు ఇప్పటికే చంపుతోంది. బూట్ల మట్టి కూడా కడిగి గానీ అడవిలోకి రానివ్వని చోట కుండీ మట్టి సంగతి చెప్పక్కర్లేదు. నాటే పని ఆ దీవిలో దాన్ని చూసుకునే సంస్థ ద్వారానే జరగాలి.

ఎంతకాలం ఎదురుచూడాలి

సీషెల్స్‌లోని ప్రాలిన్, క్యూరియస్ దీవుల కోకో డి మేర్ అనే తాటిజాతి చెట్టుది లోకంలోకెల్లా పెద్ద విత్తనం. కాయ పండటానికే ఆరేడు ఏళ్ళు పడుతుంది. మొలిచాక కూడా మొదట బయటికి వచ్చేది ఒక పొడవాటి కాడ. అది నేలలో మీటర్ల దూరం పోయి అక్కడ మొక్కను నిలబెడుతుంది. కాయ పక్కనే ఆకు రాలేదని తవ్వి చూసేవాళ్ళు ఆ కాడను తెంపేస్తారు. అన్నీ ఇంత విచిత్రం కాకపోవచ్చు, కానీ తాటి కుటుంబానికి చెందిన మొక్కల్లో నెలలు, ఒక్కోసారి ఏడాది పట్టడం మామూలే. ఒకే తల్లి విత్తనాల్లో కొన్ని మూడో వారంలో, కొన్ని పద్నాలుగో నెలలో మొలవడం కూడా సహజం. అన్నీ ఒకేసారి మొలిచి ఒకే కరువుకు చావకుండా మొక్క చేసుకున్న ఏర్పాటు అది. కాబట్టి ట్రేను రెండేళ్ళ వరకు పారేయొద్దు. తడి ఆరనివ్వొద్దు, తవ్వి చూడొద్దు.

పెన్సిల్‌తో రాసిన లేబుల్ ట్రేలో గుచ్చండి, పెన్ను రాత ఎండకు పోతుంది. నోటుపుస్తకంలో తల్లి నంబరు, విత్తిన తేదీ, ఎన్ని, ఏం చేశారు, పగటి వేడి, రాత్రి వేడి, మొదటి వేరు కనిపించిన రోజు, వారం వారం లెక్క రాయండి. ఏమీ మొలవని ట్రే లెక్క కూడా పూర్తిగా రాసి, విత్తనాలిచ్చిన గార్డెన్‌కు పంపండి. లేకపోతే ఇంకొకరు అవే విత్తనాలను అదే పద్ధతిలో మళ్ళీ పోగొడతారు.

రెండేళ్ళు నిండాక ట్రే మిశ్రమాన్ని జల్లెడ పట్టి మిగిలిన విత్తనాలు ఏరండి. ఒక్కోదాన్ని పట్టకారుతో మెల్లగా నొక్కి చూడండి. మెత్తగా నలిగేవి కుళ్ళినవి, తేలిగ్గా చిట్లేవి తాలు. వీటిని లెక్క రాసుకుని తీసేయండి. గట్టిగా నిలబడినవి ఇంకా బతికి ఉండవచ్చు. వాటికి నాలుగో అడుగులోని నీళ్ళ పరీక్ష మళ్ళీ చేయండి. ఉబ్బనివాటికి గాటు పెట్టండి, ఉబ్బినవాటిని వేడి మార్చి కొత్త ట్రేలో విత్తండి.